పౌర్ణమి అనే కాకికి జరిగిన వైద్యం

ఒక పెద్ద అడవిలో చాలా చిన్న ఆఫీసు ఒకటి ఉండేది. దాని పేరు మడుగు కాపలా సంఘం. వేసవిలో అడవి మొత్తానికీ నీళ్లు మిగిలేది ఆ ఒక్క మడుగులోనే. నీళ్ల కోసం జింకలు వస్తాయి, జింకల కోసం చిరుత వస్తుంది. అందుకని ఒడ్డున ఉన్న ఎండిన మద్దిచెట్టు చిటారు కొమ్మ మీద ఒకరు కూర్చుని, చిరుత కనపడగానే అరవాలి. ఉద్యోగం అంతే.

తాతల కాలం నుంచీ ఆ ఉద్యోగం కొండముచ్చులదే. కానీ మధ్యాహ్నం పూట వాళ్లు కునుకు తీస్తున్నారని, ఒక్క వేసవిలో పదకొండు జింకలు తగ్గాయని పైఆఫీసులో ఉన్న ఏనుగులకి ఫిర్యాదు వెళ్లింది. ఏనుగులు పరీక్ష పెట్టమన్నాయి. అవతలి గట్టు మీద పోతున్న చీమల్లో గుడ్లు మోస్తున్నవి ఎన్నో చెప్పాలి. ఒక్క కాకి మాత్రం తప్పు లేకుండా చెప్పింది. ఉద్యోగం కాకికి వచ్చింది.

ఆ కాకి పేరు పౌర్ణమి.

పేరు విని ఆఫీసులో మూడు రోజులు నవ్వుకున్నారు. నాలుగో రోజు నుంచి అమావాస్య అని పిలవడం మొదలుపెట్టారు.

"సరదాకి అన్నాం లేవే," అన్నాడు అధ్యక్షుడు వీరభద్రయ్య. "మనసులో పెట్టుకోకు. మీవాళ్లకి కోపం ఎక్కువ."

వీరభద్రయ్య కొండముచ్చు. ఆయన ముఖం కూడా బొగ్గులా నల్లగానే ఉంటుంది. అయితే ఆయనెప్పుడూ పై కొమ్మ మీదే కూర్చుంటాడు కాబట్టి కిందవాళ్లకి తోక మాత్రమే కనపడేది.

"ఇంతకీ మీది ఏ అడవి?" అని అడిగాడు ఆయన బావమరిది చలపతి.

"ఈ అడవేనండీ. అదిగో, ఆ తుమ్మచెట్టు మీదే పుట్టాను."

"అది కాదమ్మా. అసలు ఎక్కడి నుంచి వచ్చారు మీరు?"

"గుడ్డులోంచండీ."

ఇలాంటి జవాబుల వల్ల పౌర్ణమికి పొగరని పేరొచ్చింది.

అలాగని కాకులకి ఆ అడవిలో మర్యాద లేదనడానికి లేదు. ఎవరింట్లో పదోరోజు జరిగినా, తద్దినం పెట్టినా, కాకి వచ్చి ముద్ద ముట్టాలి. అప్పటిదాకా ఇంట్లోవాళ్లెవరూ మెతుకు నోట్లో పెట్టకూడదు. ఆ పూట అందరూ "రామ్మా, తల్లీ" అనేవాళ్లు. మర్నాడు అదే కాకి కొమ్మ మీద వాలి లేస్తే, ఆ చోటు ఆకులతో తుడిచేవాళ్లు.

మొదటి వారంలోనే పౌర్ణమి చిరుతని రెండుసార్లు కనిపెట్టి అరిచింది. రెండుసార్లూ జింకలన్నీ బతికిపోయాయి. వీరభద్రయ్య దాన్ని పిలిపించాడు.

"నీ గొంతు మీద ఫిర్యాదులొస్తున్నాయి. అది వింటే జింకలకి భయం వేస్తోందట."

"భయపడటానికే కదండీ అరిచేది!"

"అదే, ఆ ఎదురు చెప్పడమే వద్దన్నాను." ఆయన కొత్త నిబంధన చదివాడు. ఇక మీదట కాకికి చిరుత కనపడితే ముందు ధ్రువీకరణ అధికారికి చెప్పాలి. ఆయన చూసి, అవునంటే అప్పుడు అరవాలి. ధ్రువీకరణ అధికారిగా చలపతిని వేశారు. కొండముచ్చులు అరిచిన కాలంలో ఇలాంటి నిబంధన లేదే అని పౌర్ణమి అడిగితే, అప్పుడు అవసరం రాలేదన్నారు.

ఎవరి పిల్లలు తెచ్చుకున్న రేగుపళ్లు పోయినా అందరూ ముందు మద్దిచెట్టు వైపు చూసేవాళ్లు. పళ్లు దొరికాక ఎవరూ చూసేవాళ్లు కాదు. ఒకరోజు పౌర్ణమి కొమ్మ మీద వాలగానే వీరభద్రయ్య రెండు చేతులతో కొమ్మ పట్టి ఊపాడు. పౌర్ణమి దభేలుమని కింద పడింది. అందరూ నవ్వారు. కింద నీళ్లు తాగుతున్న చుక్కమ్మ అనే జింక మాత్రం నవ్వలేదు. అలాగని ఏమీ అనలేదు కూడా. వంచిన తల ఎత్తకుండా నీళ్లు తాగింది.

మూడు నెలలకి పౌర్ణమికి నిద్ర తగ్గింది. ఈకలు రాలడం మొదలైంది. చీమల్ని ఒక్క చూపులో లెక్కపెట్టే పక్షి, ఇప్పుడు ఒక్క జింకని మూడుసార్లు లెక్కపెట్టుకునేది. ఎవరు నవ్వినా తనని చూసే అనుకునేది. సగంసార్లు అది నిజమే కావడం ఇంకా పెద్ద ఇబ్బంది. మిగతా సగం ఏవో తేల్చుకోవడంలోనే రోజంతా గడిచిపోయేది. ఒక పొద్దున సుద్దమట్టిలో పొర్లి, కొంచెం తెల్లగా, ఆఫీసుకి వచ్చింది. ఆ రోజు పని జరగలేదు. అందరూ నవ్వలేక చచ్చారు.

ఇంతలో ఏనుగుల నుంచి కాగితం వచ్చింది. మీ సంఘంలో ఎవరినైనా రంగు చూసి, జాతి చూసి చిన్నచూపు చూస్తున్నారా? పదిహేను రోజుల్లో తెలపాలి.

"ఏం రాద్దాం బావా?" అన్నాడు చలపతి.

వీరభద్రయ్య తోక నిమురుకున్నాడు. "చిన్నచూపు ఉందని రాస్తే తప్పు మనదవుతుంది. కాకికి జబ్బుందని రాస్తే దయ మనదవుతుంది. డాక్టర్ని పిలు."

డాక్టర్ శ్వేతాంబరం కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోవడం వల్ల ఆయనకి మనసు గురించి అంతా తెలుసని అడవిలో నమ్మకం.

"చెప్పు తల్లీ. ఏమిటి నీ బాధ?"

"కొమ్మ ఊపుతున్నారండీ."

"ఊపారని నీకెలా తెలుసు?"

"కింద పడ్డానండీ."

"పడటం జరిగిన విషయం. ఊపడం నీ భావన." డాక్టరు రెండో కాలు దించి, మొదటి కాలు ఎత్తాడు. "నాకు రంగులు కనపడవమ్మా. తెలుపూ నలుపూ నాకొకటే."

"మీరు తెల్లగా ఉన్నారు కదండీ, అందుకని..."

"చూశావా? రంగు మాట తెచ్చింది ఎవరు? నువ్వే." ఆయన మధ్యలో ఒక చేపని పట్టి మింగి, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "ఏది చూసినా, ఏది విన్నా, అది నా భావనే కావచ్చు అనుకో. పొద్దున నూరుసార్లు, సాయంత్రం నూరుసార్లు."

నెల రోజులు వైద్యం జరిగింది. పౌర్ణమి శ్రద్ధగల పక్షి. చెప్పినట్టే చేసింది. అమావాస్య అని పిలిస్తే అది తన భావనే కావచ్చు అనుకుని పలికింది. కొమ్మ ఊపితే పడి, లేచి, మళ్లీ కూర్చుంది. ఎదురు జవాబులు పూర్తిగా మానేసింది. సంపూర్ణంగా కోలుకుందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఏనుగులు మెచ్చుకున్నాయి. వీరభద్రయ్య ఆ కాగితాన్ని చెట్టు తొర్రకి అంటించాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం జింకలన్నీ మడుగులో దిగి ఉన్నాయి. ఎదురుగా ఎండిన గడ్డిలో పసుపుపచ్చటి వీపు ఒకటి కదిలింది. దాని మీద నల్ల మచ్చలు. వెనక పొడుగాటి తోక.

పౌర్ణమి చూసింది. నోరు తెరిచింది. మూసింది.

'అది నా భావనే కావచ్చు,' అనుకుంది. 'చిరుతల విషయంలో నేను ముందునుంచీ కొంచెం అతి.'

గడ్డి మళ్లీ కదిలింది. పౌర్ణమి కిందకి దిగి, నీడలో పడుకున్న చలపతిని మెల్లగా లేపింది. "చలపతిగారూ, విసిగించినందుకు ఏమీ అనుకోకండి. నాకు చిరుతలాంటి భావన కలుగుతోంది."

చలపతి కళ్లు తెరవకుండానే, "డాక్టరుకి చెప్పు," అన్నాడు.

ఒడ్డున ఉన్న డాక్టరుకి చెప్పింది. "పౌర్ణమీ! మళ్లీ మొదలైందా?" అని నొచ్చుకున్నాడాయన.

అప్పుడు చలపతి ధ్రువీకరించడానికి కళ్లు తెరిచాడు. ఎదురుగా ఉన్నదాన్ని ధ్రువీకరించాడు కూడా. ఆ తర్వాత ఆయన ఎవరికీ కనపడలేదు.

ఆ గొడవలో వీరభద్రయ్య తోక సగం పోయింది. డాక్టరు ఎగిరి పారిపోతూ రెండు కాళ్లూ ఉన్నాయో లేదో గాల్లోనే చూసుకున్నాడు.

ఆ సాయంత్రం విచారణ పెట్టారు. "నీ కళ్లకి ఏమొచ్చింది? ఎందుకు అరవలేదు?" అని సంఘమంతా కాకి మీద పడింది. పౌర్ణమి ఎవరి ముఖమూ చూడకుండా నేల వైపు చూస్తూ నిలబడింది. చిరుత వచ్చిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. అయినా దానికి నమ్మకం కుదరడం లేదు. తన కళ్లు తనవి కావేమో అన్నట్టుంది.

అందరూ వెళ్లాక చుక్కమ్మ దగ్గరికి వచ్చింది.

"గడ్డి కదిలినప్పుడు నేనూ చూశానక్కా," అంది. "నువ్వు అరుస్తావని నీ వైపే చూస్తూ ఉన్నాను."

"నిజంగా చూశావా?"

"చూశాను. ఆయన కొమ్మ ఊపడం కూడా చూశాను. ఆ రోజే చెప్పాల్సింది. తల వంచుకుని నీళ్లు తాగాను. దాహం కూడా లేదు ఆ రోజు."

 పౌర్ణమి తుమ్మచెట్టు మీదికి వెళ్లి, చాలా రోజుల తర్వాత మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయింది.

పదోరోజు వచ్చింది. వెదురుబియ్యం వండి, ముద్ద చేసి, చలపతి పేరు చెప్పి మడుగు ఒడ్డున రాతి మీద పెట్టారు. కొండముచ్చులు నలభైమంది ఆకలితో వరసగా కూర్చున్నారు. మద్దిచెట్టు మీద పౌర్ణమి, దాని వెనక అడవిలోని కాకులన్నీ కూర్చున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"పౌర్ణమిగారూ!" పిలిచాడు వీరభద్రయ్య. ఆ పేరు ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "రామ్మా తల్లీ. ముద్ద పెట్టాం."

"ముద్దలాంటి భావన కలుగుతోందండీ," అంది పౌర్ణమి. "ధ్రువీకరణ అయితే వస్తాను."

"ధ్రువీకరణ అధికారి పదోరోజే కదమ్మా ఇది!"

"అయితే ఖాళీ భర్తీ అయ్యేదాకా ఆగుదామండీ."

మిగతా కాకుల్ని బతిమాలారు. "మా అక్కకి కనపడితే మాకూ కనపడినట్టే," అన్నాయవి.

ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్ల కొండముచ్చులు ఏడుపు లంకించుకున్నాయి. "ఆకలేస్తోంది తల్లీ!" అని చలపతి భార్య చేతులు జోడించింది. ఆవిడని చూసి పౌర్ణమికి జాలేసింది. డాక్టరుని చూసి మాత్రం వేయలేదు.

"డాక్టరుగారూ, వీళ్ల ఆకలి జరిగిన విషయమా, భావనా?"

డాక్టరు నీళ్లలోకి చూశాడు. ఆ సమయానికి చేప కూడా ఏదీ రాలేదు.

"నీకేం కావాలో చెప్పు," అన్నాడు వీరభద్రయ్య. గొంతు తగ్గింది.

"ఒక్క మాటండీ. నేను కొమ్మ మీద నుంచి ఎలా పడ్డాను?"

ఆయన అటూ ఇటూ చూశాడు. చుక్కమ్మ కింద నుంచి తలెత్తి సూటిగా ఆయన వైపే చూస్తోంది. దాని వెనక జింకలన్నీ చూస్తున్నాయి. సగం తోకతో పై కొమ్మ ఎక్కలేక కిందే కూర్చున్నాడు కాబట్టి, ఈసారి అందరికీ ఆయన ముఖం స్పష్టంగా కనపడుతోంది.

"నేనే ఊపాను," అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి. మీ గొంతు వింటే ఎవరూ భయపడరు లెండి."

"నేనే ఊపాను! రెండు చేతులతో ఊపాను!"

"ఆఁ," అంది పౌర్ణమి. "ఇప్పుడు ముద్ద బాగా కనపడుతోంది."

దిగి వచ్చి ముట్టింది. కొంచెం ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.

మర్నాటి నుంచి చిరుత కనపడితే పౌర్ణమి ఎవరినీ అడక్కుండా అరుస్తోంది. ఆ గొంతు ఎంత వికారంగా ఉందో జింకలు పరిగెత్తి ప్రాణాలు దక్కించుకున్నాకే చెప్పుకుంటున్నాయి. వీరభద్రయ్యకి మాత్రం ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు. వారానికి రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు. "కొమ్మ ఊపారని మీకెలా తెలుసు?" అని అడుగుతున్నాడు డాక్టరు.

ఈ కథ విన్నవాళ్లు తెలుసుకోవలసింది: ఎదుటివాళ్ల కళ్లకి వైద్యం చేయించే ముందు, మీ ఇంట్లో తద్దినం ఎప్పుడో ఒకసారి చూసుకోండి.