ముక్కు సాక్ష్యం

ఆత్మకూరులో వేరుశనగ నూనె పరిశ్రమ దివ్యంగా వర్ధిల్లుతున్నది. సందేహమున్నవారు పొద్దున పూట పాత మార్కెట్ వీధికి వచ్చి స్వయంగా ముక్కుతో విచారించుకోవచ్చు. రామకోటయ్య మిల్లులో పుట్టిన వేడి నూనె వాసన మసీదు సందు దాకా పోయి, దారిలో ఎవరి కులమూ మతమూ అడక్కుండా అందరికీ సమానంగా అందుతుంది. ఈ పరిశ్రమలో లేనిదల్లా నూనె ఒక్కటే.

ఇందులో రామకోటయ్య తప్పేమీ లేదు. అది తాతల నాటి మిల్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, బండ్ల మీద వచ్చేవి. మదార్ సాహెబ్ మిషను తిప్పేవాడు, నూనె కారేది. అంతలో ప్రభుత్వం వారు ప్రజల మూకుళ్ళ మీద దయతలచి, సముద్రం అవతలి పామాయిల్ మీద దిగుమతి సుంకం తగ్గించారు. ఆ నూనె ఓడ దిగి, లారీ ఎక్కి, నల్లమల ఘాటు దాటి వచ్చి కూడా పక్క పొలంలోని బుడ్డల కన్నా చవగ్గా దొరికేది. దీన్ని అర్థశాస్త్రం అంటారు. రైతుల మొర ఆలకించి సుంకం పెంచిన సందర్భాలూ లేకపోలేదు. కాకపోతే రైతు కాయలు అమ్ముకున్న మర్నాడు అది పెరిగేది, కొత్త పంట కళ్ళానికి రాగానే తగ్గేది. ఇంతటి సమయపాలన మన రైళ్ళలో కూడా చూడం.

రామకోటయ్య కొన్నాళ్ళు పంతానికి పోయి, చివరికి లోకం పోకడకు తలవంచి, మిల్లు ఆపి ఒక డ్రమ్ము పామాయిల్ దించాడు. దాచింది కూడా ఏమీ లేదు. 'ఇది పామాయిల్' అని పెద్ద అక్షరాల బోర్డు రాయించి మేకుకు తగిలించాడు. జనం ఆ మేకుకే తమ సంచులు తగిలించి, బోర్డు కనపడకుండా చేసి, నూనె కోసం టిన్నులు చాపారు. మూత తీయగానే బజ్జీల సుంకమ్మ ముక్కు చిట్లించింది.

"వాసనే లేదు గదప్పా! కల్తీ గిల్తీ చేస్తాండావా ఏమి?"

ఆమె ఖాళీ టిన్నుతో వెనక్కి పోతే, ఆమె వెనకే వీధి వీధంతా పోయింది. అందుకని రామకోటయ్య రోజూ ఒక బుట్టెడు బుడ్డలు పోసి, పొద్దున కాసేపు మిల్లు ఆడించే ఏర్పాటు చేశాడు. వాసన రాగానే బేరాలూ వచ్చాయి. బుడ్డల కన్నా బుడ్డల నూనె చవగ్గా ఎట్లా వస్తుందని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

మదార్ సాహెబ్‌కు మాత్రం ఇది మింగుడు పడలేదు. "సావుకారూ, నేనీడ నూనె ఆడిచ్చేకి ఉండానా, వాసన ఆడిచ్చేకి ఉండానా?"

"ఓపిక పట్టు సాయిబూ. సుంకం పెరగనీ, మళ్ళా రాత్రింబగళ్ళు ఆడిస్తాం" అనేవాడు రామకోటయ్య. ఊరికే అన్నమాట కాదది. మిల్లు మళ్ళీ నిజంగా ఆడాలన్నదే ఆయనకున్న ఒకే ఒక ఆశ.

ఆ ఆశతోనే తోటి మిల్లర్లను కూడగట్టుకుని పైకి అర్జీ పెట్టాడు. తత్ఫలితంగా సుంకాల పరిశీలక సంఘం అధ్యక్షులు శ్రీ రాఘవేంద్రప్రసాద్ గారు ఆత్మకూరుకు విచ్చేయ సంకల్పించారు. మిల్లు చావుబతుకుల్లో ఉన్నదని కళ్ళారా చూస్తే సుంకం పెంచమని సిఫారసు చేస్తారట. రామకోటయ్య ఆ ఒక్క రోజూ మిల్లు ఆపేశాడు.

వీధి ఊరుకుంటుందా? ఢిల్లీ నుంచి పెద్ద మనుషులు వస్తుంటే ఊరు వాసన లేకుండా ఉండటమా! ఊరి పరువు కోసం తలా ఒక చేటెడు బుడ్డలు తెచ్చారు. పెద్ద ఈరన్న అనే రైతు విత్తనానికి దాచుకున్న మూట కూడా తెచ్చి మిషనులో కుమ్మరించాడు. వద్దు వద్దని రామకోటయ్య మొత్తుకుంటున్నా, పదిమందీ మీదపడి మదార్ సాహెబ్ చేత మీట వేయించారు. కారు సరిగ్గా అప్పుడే వచ్చి ఆగింది.

అధ్యక్షుల వారు దిగి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చారు. "పరిశ్రమ చచ్చిపోతున్నదని అర్జీలో రాశారు. చచ్చినదేదీ ఇంత కమ్మగా వాసన రాదు!" అన్నారు.

రామకోటయ్య చేతులు జోడించాడు. "అయ్యా, ఇది వట్టి వాసనే. వీళ్ళు తినేదంతా ఓడలో వచ్చిన నూనె. కావాలంటే ఆ బోర్డు చూడండి."

అందరూ చూశారు. సంచులు కనపడ్డాయి.

"మీరు తినేది ఎవరి నూనె?" అని అధ్యక్షుల వారు ప్రజలను విచారించారు.

"మా రామకోటయ్య మిల్లుదే సార్!" వీధంతా ఒక్క గొంతుతో అరిచింది.

"శానా బాగా నడుస్తాండాది సార్. మా శెట్టికి దిష్టి భయం, చెప్పుకోడు" అని సుంకమ్మ వివరించింది.

అధ్యక్షుల వారు ఆ వినయానికి కరిగిపోయి రామకోటయ్యకు శాలువా కప్పారు. దేశీయ పరిశ్రమ స్వశక్తితో వెలుగొందుతున్నందున రక్షణ అనవసరమని నివేదిక ఇచ్చారు. అది చూసి ప్రభుత్వం వారు ఉన్న సుంకం కూడా ఎత్తేశారు. మూలిగే నక్క మీద తాటిపండు పడింది.

మిషను పాత ఇనుము కింద పోయింది. మదార్ సాహెబ్ కర్నూలులో ఒక అపార్టుమెంటుకు కాపలాదారుగా కుదిరాడు. మిషను లారీ ఎక్కుతుంటే రామకోటయ్య వీధిలో నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఓదార్చడానికి వీధి మొత్తం వచ్చింది, చేతుల్లో టిన్నులతో. ఇకమీదట వాసన గతేమిటని అందరికీ ఒకటే బెంగ.

ఆయన కళ్ళు తుడుచుకుని, లోపలి నుంచి ఒక చిన్న సీసా తెచ్చాడు. బుడ్డల వాసన వచ్చే విదేశీ సెంటు. పామాయిల్ అమ్మిన కంపెనీయే పంపింది. ఒక్క చుక్క డ్రమ్ములో వేశాడో లేదో, వీధి గుమగుమలాడిపోయింది.

పెద్ద ఈరన్న ముందుకు వచ్చి, డ్రమ్ము మీద వంగి, తృప్తిగా పీల్చాడు. తర్వాత రామకోటయ్య వైపు కోపంగా చూశాడు.

"ఇన్నేండ్లు మమ్మల్ని మోసం చేస్తివి గదప్పా! నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి బుడ్డలు పండిస్తాండా. అసలైన బుడ్డల వాసనంటే ఇదీ! ఇంగో లీటరు పొయ్యి."