సిద్దమ్మ ట్యాంకర్‌కు చేరిన మాట

ఆ పొద్దు హేమావతి పెట్టుకున్న పని చిన్నదే: పాఠం చేస్తున్నట్టు చేస్తూ, బెంగళూరులో ఉన్న మొగుడికి ఒక మాట చేరవేయడం. పెళ్లయి నెల దాటలేదు. అతను విడిచిపోయిన చొక్కాను ఉతకడానికి ఆమెకింకా చేతులు రాలేదు. సెలవు లేదు, ఈ శనివారమూ రాలేనన్నాడు గంగాధర్. వెబ్‌సైట్ల భద్రతను పరీక్షించడం నేర్చుకుంటానంటే మాత్రం సొంత సర్వర్ అప్పగించి, ఇది మనదే, ఎంతైనా పగలగొట్టుకోమన్నాడు.

ఆనాటి పాఠం రిక్వెస్ట్ స్మగ్లింగ్. వాకిట్లో ఒక సర్వర్, లోపల ఇంకొకటి. పేజీ తెరిచేవారు పంపే ఒక విన్నపం ఎక్కడ ముగిసిందో ఆ రెండింటికీ లెక్క కుదరకపోతే, మిగిలిన ముక్క లోపలే కాచుకుని ఉండి, తర్వాత వచ్చినవారి విన్నపానికి అతుక్కుంటుంది. తొమ్మిదికి ఆ సర్వర్‌లో పేజీ తెరుస్తానన్నాడు గంగాధర్. హేమావతి ఆ ముక్కలో, "నువ్వు లేక ఇల్లు బోసిగా ఉండాది. శనివారం తప్పకుండా రా" అని రాసి లోపలికి దాటించి, ఒక్కతే నవ్వుకుంది. పేరు మాత్రం రాయలేదు. మొగుడి పేరు పలకరాదని అత్త పుష్పావతి కాపురానికొచ్చిన నాడే చెప్పింది.

ఆఫీసుకు పోయే బస్సు ఆలస్యమై గంగాధర్ తొమ్మిదికి పేజీ తెరవలేదు. పైగా, తమ ఊరు బెళుగుప్పకొచ్చే నీళ్ల ట్యాంకర్ బుకింగ్ పేజీని కూడా అదే సర్వర్‌లో పెట్టానని భార్యకు చెప్పడం మరిచాడు. తొమ్మిదికి ట్యాంకర్ కోసం ఆ పేజీ తెరిచింది మామ శివప్ప.

మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చింది, నీళ్లు లేకుండా. దాని యజమానురాలు సిద్దమ్మ దిగి, ఫోను దూరంగా పట్టుకుని, శివప్ప పేరుతో వచ్చిన బుకింగును వీధంతా వినేలా చదివింది.

"ఏమప్పా శివప్పా, నీళ్లు కావాల్నా, నేను కావాల్నా?"

నీళ్లే అడిగానని శివప్ప ఒట్టేశాడు. పుష్పావతి వినలేదు. ఆయన తినబోతున్న సంగటి తట్ట లోపలికి పోయింది. ఓదార్చడానికొచ్చిన పొరుగింటి మారెక్క ఆ మాటను మళ్లీ చదివించుకుంది. మామ ఆకలి చూడలేక హేమావతి ముందుకొచ్చింది.

"అది నేను రాసినానత్తా."

"ఎవురికి?"

హేమావతి లోపల దండెం మీది ఉతకని చొక్కాను చూపించింది.

"పేరు రాసింటే ఇంత రచ్చ అవుతాండెనా?"

"మొగుని పేరు పలకగూడదన్నది మీరే కదత్తా."

పుష్పావతి నవ్వు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుక్కి ఫోను కలిపింది.

"ఒరే, నీ సైటు నా కాపురం మీదికి తెచ్చింది. వచ్చి బాగు చెయ్."

శుక్రవారం సాయంత్రమే గంగాధర్ సంచితో దిగాడు. తల్లి అడగకముందే, చానా పెద్ద రిపేరని, వారం పడుతుందని చెప్పాడు. అది పది నిమిషాల పనని తెలిసిన రెండో మనిషి, నోరు మెదపకుండా అతనికి ఇంకో ముద్ద వడ్డించింది.