ఇరవై కుదుళ్ల మహాసమరం

గోడగడియారపు ముల్లు నాలుగింటిపై దండెత్తుతుండగా, పార్శిల్ వ్యాను ధూమోద్గారియై వాకిట గర్జిస్తుండగా, పశుప్రజనన కేంద్రపు రేకులషెడ్డు మధ్యాహ్నమార్తాండుని ప్రతాపానికి నిట్టూరుస్తుండగా, సర్వజన్యుశాస్త్ర పారంగతుడు, తలపై ఒక్క వెంట్రుకైనా లేని ధీరోదాత్తుడు మార్కర్ సారు ఒక కోడెదూడ తోక ఎదుట సమరసన్నద్ధుడై నిలిచాడు.

ఒక మొరటుజాతి ఎద్దులోని రోగనిరోధక జన్యువును పాలజాతి మందలోకి దించడం ఆయన నాలుగు దూడతరాల తపస్సు. ఆ జన్యువు కంటికి కనబడదు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే మార్కర్ అనే గుర్తు మాత్రం తోకవెంట్రుకల కుదుళ్లలో పరీక్షకు దొరుకుతుంది. ఈ సత్యాన్ని పదకొండు వ్యాసాల్లో లోకానికి బోధించిన మహానుభావుడు, కిందటి వారం వెంట్రుకలను కత్తెరతో అందంగా కత్తిరించి, దారం కట్టి పంపాడు. ప్రయోగశాల ఒక్క మాటతో తిప్పికొట్టింది: "కుదుళ్లేవి?"

ఈ నాలుగింటి వ్యానులో ఇరవై కుదుళ్ల నమూనా వెళ్లని కోడెదూడలన్నీ రేపు వేలానికి. ఆ జన్యువును మోస్తోందని ఆశ మిగిలినది ఈ ఒక్క దూడే.

"ఓయి వత్సా! భావిపశుకులతిలకా! నీ పుచ్ఛాగ్రమున నిద్రించు సత్యమును ఇరువది రోమములుగా నాకర్పింపుము! వంశోద్ధారకుడవగుదువు!"

వంశోద్ధారకుడు వెనకకాలితో బదులిచ్చాడు. వజ్రసన్నిభమైన ఆ గిట్ట తాకిడికి పేడపంకంలో ఆసీనుడైన సారు కాసేపు ఉనికిని గురించి ఆలోచించాడు. తాను వెదికే మూలం ఎప్పుడూ ఇంకొకరి తోకలోనే ఎందుకుంటుందో బోధపడలేదు.

షెడ్డు చూసుకునే అక్క గడ్డిమోపు దించింది.

"అదేంటి సార్, తోక పీకుతూ ఉపన్యాసం కూడా ఇస్తే ఎవరికైనా ఒళ్లు మండదా?"

"ఇది శాస్త్రం, అక్కా!"

"ఏదైతేనేం! మెడకింద గోకితే వాడు కళ్లు మూసుకుంటాడు. నేను గోకుతా, మీరు పీకండి. నోరు మాత్రం తెరవకండి."

దివ్యాస్త్రాలన్నీ విఫలమైన చోట మౌనం ఫలించింది. ఒకటి, అయిదు, పన్నెండు, పందొమ్మిది. అంతలో వ్యాను హారన్ మోగింది. దూడ కళ్లు తెరిచింది.

"అక్కా, ఇంకొక్కటి!"

"నన్ను చూస్తారేంటి, లాగండి!"

లాగాడు. దూడ తన్నింది. సారు మళ్లీ పడ్డాడు. పైకెత్తిన చెయ్యి మాత్రం పడలేదు. ఆ వేళ్ల నడుమ, ఆవగింజకన్నా చిన్నదైన తెల్లని కుదురొకటి జయకేతనమై వెలిగింది.

వెంట్రుకల కవరు వ్యానెక్కింది. వేలం జాబితాలో ఆ దూడ నంబరును కొట్టేశారు. ఆ గుర్తు దూడలో ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. అయినా అష్టదిక్కులారా, ఆలకించండి: బట్టతల వీరుడు ఇరవై వెంట్రుకలు గెలిచాడు, కుదుళ్లతో సహా!