చేతిలో గానీ, కంటి ఎదుట గానీ

ఆ రోజు హెడ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు కూతురికి ఇంటర్వ్యూ. ఆమె సర్టిఫికెట్ల ఫైలు ఆఫీసుకు తీసుకెళ్ళి, అక్కడ జిరాక్స్ తీసి, పదింటికి దారిలో ఆగే కూతురి చేతిలో పెట్టాలి. అంతే. మూడేళ్ళుగా ఆ పిల్ల రాయని పరీక్ష లేదు. పిలుపు రావడం మాత్రం ఇదే మొదలు.

"ఫైలు ఎక్కడైనా మర్చిపోయేరు, జాగ్రత్త," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"మర్చిపోవడమా? నేనా?" అని నవ్వాడాయన.

నవ్వడానికి కారణం ఉంది. ఆయన పనిచేసేది బస్సు డిపోలోని పోయిన వస్తువుల గదిలో. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారైతే కట్టుడు పళ్ళు కూడా అక్కడికి చేరాయి. ఏది పోయినట్టు, ఏది పోనట్టు అని కౌంటర్ దగ్గర రోజూ రభసే. చివరికి ఆయన నాలుగు ఆదివారాలు కూర్చుని ఒక నిర్వచనం రాశాడు. "యజమాని చేతిలో గానీ, కంటి ఎదుట గానీ లేని వస్తువు ఏదైనా పోయిన వస్తువే." మేనేజరు మురిసిపోయి దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. అప్పటినుంచి డిపోలో అందరూ ఆయన్ని నిర్వచనంగారు అనే పిలుస్తున్నారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన చొక్కా కాలరు సవరించుకునేవాడు.

జిరాక్సులు తీసి, వాటినీ ఫైల్లోనే సర్ది, ఫైలు కౌంటర్ మీద పెట్టి, చేతికంటిన ఇంకు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఫైలుకు మూడువందల పద్దెనిమిదో నంబరు చీటీ వేలాడుతోంది. కౌంటర్ గుమాస్తా దాన్ని ర్యాకులో సర్దుతోంది. ఆవిడకు నిబంధన అంటే ప్రాణం. ఆ ప్రాణం పోసింది ఈయనే.

"అమ్మా, అది మా అమ్మాయిది!"

"కావచ్చండి. మీ అమ్మాయిగారి చేతిలో లేదు, కంటి ఎదుటా లేదు. రిజిస్టర్లో ఎక్కించేశాను. ఆవిణ్ణే వచ్చి గుర్తింపు కార్డు చూపించి తీసుకోమనండి. మీరే కదండీ నేర్పారు?"

పదింటికి కూతురు వచ్చింది. విషయం విని గుమాస్తా వైపు తిరిగింది.

"కార్డు ఆ ఫైల్లోనే ఉందండీ," అంది.

"అయితే కార్డు చూపించండి, ఫైలిస్తా."

"ఫైలిస్తే కదా కార్డు చూపించేది!"

"ఫైలివ్వాలంటే కార్డు చూడాలి కదమ్మా," అంది ఆవిడ ఎంతో ఓర్పుగా.

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన "నువ్వెళ్ళు తల్లీ, టైమవుతోంది. ఫైలు నేను పట్టుకొస్తా," అని పంపేసి, కాలుగాలిన పిల్లిలా మేనేజరు గదికి పరిగెత్తాడు. వెనకే రిజిస్టరు పట్టుకుని గుమాస్తా.

మేనేజరు బల్లంతా తడుముతున్నాడు. "నా కళ్ళజోడు చూశావటయ్యా?"

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. గుమాస్తా మర్యాదగా దాన్ని తీసింది. "చేతిలో లేదు, కంటి ఎదుటా లేదు సార్," అని మూడువందల పంతొమ్మిదో నంబరు చీటీ కట్టి ర్యాకుకు పట్టుకుపోయింది.

మేనేజరు ఇంతెత్తున లేచాడు. "ఏం రాశావయ్యా నువ్వు? తీసెయ్ ఆ ఫ్రేము! నోరు తెరిచి 'నాది' అన్నవాడికి ఇచ్చెయ్యండి, అంతే!"

ఆ ముక్కే కాగితం మీద రాసి అంటించారు. కౌంటర్ ముందు వరసలో ఉన్న పద్నాలుగు మంది చదివారు. ఆ తర్వాత గదిలో "నాది" తప్ప ఇంకో మాట వినబడలేదు. పావుగంటలో ర్యాకులు ఊడ్చినట్టయ్యాయి. మేనేజరు కళ్ళజోడు కూడా ఎవరికో సరిపోయింది. ఫైలొక్కటే మిగిలింది.

"మా అమ్మాయిదని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నానమ్మా!"

"'మా అమ్మాయిది' అంటే ఎలా ఇస్తానండీ? కాగితం మీద ఏముందో చూడండి."

"నాది! నాది తల్లీ, నాది!" అని అరిచి, ఫైలు లాక్కుని పరుగు తీశాడు.

ఆయన ఇంటర్వ్యూ జరిగే ఆఫీసుకు చేరేసరికి పన్నెండు దాటింది. కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం కూడా అయిపోయినట్టుంది.

"కాగితాల్లేకుండా ఏం మాట్లాడతాం అన్నారు నాన్నా. ఫైలు నిజంగా పోయినట్టు డిపో ముద్రతో ఈ సాయంత్రంలోగా రాయించి తెస్తే, రేపు తొమ్మిదికి ఆఖరిసారి చూస్తారట."

ఇద్దరూ డిపోకి వచ్చారు. కళ్ళజోడు పోయిన మేనేజరు పాత ఫ్రేమును మళ్ళీ గోడకెక్కించాడు. గుమాస్తా ఫైలు వైపు చూసింది.

"మీ అమ్మాయిగారి చేతిలోనే ఉందిగా సార్. పోయిందని ఎలా రాయను?"

"పొద్దున పోయింది కదమ్మా!"

"రాసేది ఇప్పుడు కదండీ."

బతిమాలాడు. తన సర్వీసంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ ఫ్రేము వైపు చూపించింది, అంతే. తను చేతులారా రాసిన ఆ ఒక్క వాక్యాన్ని ఆయన మళ్ళీ చదువుకున్నాడు. ఎక్కడా సందు లేదు. ఇంత గట్టిగా ఎందుకు రాశానురా దేవుడా అని మొదటిసారి ఏడుపొచ్చింది. చివరికి కూతురి చేతిలోని ఫైలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె భుజం పట్టుకుని గోడవైపు తిప్పి, తానూ తిరిగి నిలబడ్డాడు. తండ్రీకూతుళ్ళు గోడను చూస్తూ నిలుచున్నారు. వెనక కలం గీసిన చప్పుడు, ముద్ర పడిన చప్పుడు వినిపించాయి.

"ఇదిగోండి ధ్రువపత్రం," అంది గుమాస్తా. తన నిర్వచనం రోజంతటిలో ఒక్కసారైనా అక్కరకొచ్చిందని ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

కౌంటర్ ఖాళీగా ఉంది. ఫైలు కొత్త చీటీతో ర్యాకెక్కింది.

"రేపు ఎనిమిదింటికే వచ్చి తీసుకెళ్ళమ్మా," అంది ఆవిడ కూతురితో ఆప్యాయంగా. "గుర్తింపు కార్డు మాత్రం మర్చిపోయేవు, జాగ్రత్త."

కార్డు లోపలే ఉన్న ఆ ఫైలు వైపు చూసి, నిర్వచనంగారు మళ్ళీ గోడవైపు తిరిగాడు.