పాప మాట్లాడకుండా చూడవలెను

ధబ్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ధబ్.

మూసిన తలుపు వెనకనుంచి వినిపించే ఈ చప్పుడే విద్యారంగం ముందడుగు వేసే చప్పుడని తెలియనివారు ఈ లోకంలో రెండు రకాలవారే: ఇంకా బడిలో చేరనివారు, ఉద్యోగ విరమణ చేసి హాయిగా ఉన్నవారు. తలుపు తెరుచుకున్నాక కనిపించేది మాత్రం ఒక రబ్బరు ముద్ర, దాన్ని పట్టుకున్న గుమాస్తా, ఆయన ఎదుట నిలబడిన మూడో తరగతి టీచరమ్మ.

ఆ ఏడు విద్యాశాఖ ఒక మహత్తర నిర్ణయం తీసుకుంది. ఉపాధ్యాయులందరూ తమ తరగతిలోని ఒక సమస్యను గుర్తించి, దానిపై చర్యాత్మక పరిశోధన జరిపి, తమ బోధనను మెరుగుపరచుకోవాలి. (ఇప్పటికే మెరుగుపరచుకుంటున్నవారు వెంటనే ఆపి, అనుమతి పొంది, మొదటినుంచి మొదలుపెట్టాలి.)

టీచరమ్మ సమస్య చిన్నది. చివరి బెంచీ చివర కూర్చునే పాప తరగతిలో నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, ప్రశ్న అడిగితే నేల చూస్తుంది, నవ్వొస్తే అరచేతిలో దాచుకుంటుంది.

"ఒక్క పిల్ల మీద పరిశోధనేంటమ్మా?" అన్నాడు గుమాస్తా. "కనీసం సగం క్లాసన్నా మాట్లాడకుండా ఉంటే బావుండేది."

"మిగతావాళ్ళు ఊరుకోరండీ."

"మీరు గట్టిగా ప్రయత్నించారా?"

వెనకే వరుసలో ఉన్న లెక్కల మాస్టారికి జాలేసింది. "నా క్లాసులో నేను ప్రశ్న వేస్తే అందరూ మౌనమే టీచర్ గారూ. ఎంతమంది కావాలో చెప్పండి, పంపిస్తా."

చివరికి ఒక్క పాపతోనే అనుమతి దొరికింది. దానికి తోడు నియమావళి కూడా. పర్యవేక్షణాధికారి స్వయంగా వచ్చి సమస్యను ధ్రువీకరించేవరకూ అది పరిష్కారం కారాదు; దాన్ని చెక్కుచెదరకుండా కాపాడే బాధ్యత ఉపాధ్యాయులదే. నమూనాను (అంటే పాపను) కూర్చున్న చోటునుంచి కదపరాదు; పక్కన ఎవరినీ చేర్చరాదు. ధ్రువీకరణ ముగిసిన వెంటనే నమూనాను ఊరి అవతలి కొసన ఉన్న ప్రత్యేక విభాగానికి పంపడం జరుగుతుంది. (సమస్య తరగతి వదిలి వెళ్ళిపోతే తరగతి మెరుగుపడినట్టే కదా.)

ఆ చివరి నియమాన్ని టీచరమ్మ రెండుసార్లు చదివింది.

బడిలో మాత్రం సమస్యల సంరక్షణ సంబరంగా సాగుతోంది. లెక్కల మాస్టారి పరిశోధన ఏడో ఎక్కం రాకపోవడం మీద. ఎవరో ఒకడు ఇంట్లో నేర్చుకొస్తే, మాస్టారు వాణ్ణి బతిమాలి మరిపించాడు. చేతిరాత మీద పరిశోధిస్తున్న టీచరు, అక్షరాలు గుండ్రంగా రాయసాగిన పిల్లలకు కదిలే బస్సులో కూర్చుని రాయమని సలహా ఇచ్చింది. ఆలస్యంగా వచ్చేవారి మీద పరిశోధిస్తున్న డ్రిల్లు మాస్టారు, ఒకనాడు పిల్లలంతా గంటకు ముందే వచ్చేస్తుంటే గేటుకు తాళం వేసి పరిశోధనను రక్షించాడు. హెడ్మాస్టరు ఆయనను మనసారా అభినందించాడు, గేటు అవతలి నుంచి.

టీచరమ్మ పాప అమ్మమ్మను పిలిపించింది.

"మాట్లాడదా? ఇదా?" అమ్మమ్మ పడీపడీ నవ్వింది. "నిద్దట్లో కూడా నాతో పోట్లాడుతుంది టీచరమ్మా! దీని నోరు మూయించలేక చస్తున్నాం. మీరేం చేస్తున్నారో ఆ విద్య కాస్త మాకూ నేర్పండి."

ప్రత్యేక విభాగం మాట వినగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"అంత దూరమా? ఎవరు దింపుతారమ్మా దాన్ని? బెంగతో ఇంట్లో కూడా నోరు మూసేసుకుంటుంది."

"వెళ్ళనివ్వను పెద్దమ్మా," అంది టీచరమ్మ. ఎలాగో ఆమెకీ తెలియదు.

నియమావళిలో హాజరు గురించి ఒక్క ముక్కా లేదు. (దాన్ని కూడా మెరుగుపరచవచ్చని పైవారికి తోచలేదు.) మర్నాటినుంచి టీచరమ్మ పేర్లు పిలవడం మానేసింది. ఒకరు పక్కవారి పేరు పిలవాలి. పిలిపించుకున్నవారు "ఉన్నా" అని, తమ పక్కవారిని పిలవాలి. పేర్లు పిచ్చుకల్లా బెంచీ మీంచి బెంచీ మీదికి ఎగిరాయి, గెంతాయి, కిలకిలలాడాయి, చివరి బెంచీ చివరకు వచ్చి వాలిపోయాయి. పాప చెయ్యెత్తింది. ఆమె అవతల పిలవడానికి ఎవరూ లేరు. రోజూ అంతే. రోజూ పాప ఖాళీ చోటు వైపు ఒకసారి చూసి చెయ్యి దించేసేది.

పర్యవేక్షణాధికారి రానే వచ్చాడు. తరగతిలోని కుర్చీలన్నీ ఆయన వెంట వచ్చిన దస్త్రాలకే సరిపోవడంతో, ఆయన మిగిలిన ఒకే ఒక్క ఖాళీలో, పాప పక్కన, ముడుచుకుని కూర్చున్నాడు.

"కానివ్వండి. నేను లేననే అనుకోండి," అన్నాడు. 'మౌనము' అన్న గడి మీద కలం ఆనించి పెట్టుకున్నాడు.

పేర్లు బయల్దేరాయి. ముందు బెంచీ, నడిమి బెంచీ, చివరి బెంచీ. పాప వంతు వచ్చింది. చెయ్యెత్తింది. అలవాటుగా పక్కకు చూసింది. ఆ చోటు ఖాళీగా లేదు.

టీచరమ్మ చేతిలోని సుద్దముక్క విరిగింది.

"మీ పేరేంటి?" అంది పాప.

అధికారి అదిరిపడ్డాడు. "టీచర్ గారూ! ఈ పాప మాట్లాడుతోంది!"

"అవునండీ."

"ఎవరి అనుమతితో?"

"నాకు తెలీదండీ. అడిగింది మిమ్మల్ని."

ఆయన చాలాసేపు కలం తిప్పి తిప్పి, చివరకు పాపను పంపించే బదిలీ కాగితం మీద 'సమస్య లభ్యము కాలేదు' అని రాసి, పరిశోధనను రద్దు చేస్తున్నట్టు సంతకం చేశాడు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి, కొంగుతో నోరు మూసుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

పాప మాత్రం వదల్లేదు. "పేరు చెప్పండి. మీరు చెప్పకపోతే హాజరు అవ్వదు."

"పర్యవేక్షణాధికారి."

"అది ఉద్యోగం కదా. పేరు?"

"అదనపు బాధ్యతలతో..."

"అబ్బా! మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?"

తరగతి గొల్లుమంది. అధికారి మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును తనవైపు తిప్పుకుని, దాని మీద ఉన్న పేరును కూడబలుక్కుని పైకి చదివాడు.