కార్టూన్ నాయనమ్మ పెద్దకర్మ

సంతాప కమిటీ సమావేశాల్లో తేలిన పనులు ఇవి: అబీద్ సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాలి. పెద్దకర్మకు వంటవాళ్లను మాట్లాడాలి. పంతులుగారికి కబురు పెట్టాలి. గోత్రం అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. రోలుగుంట, కృష్ణదేవిపేట వైపు నుంచి వచ్చే అభిమానులకు షేర్ ఆటోలు పెట్టాలి. పెద్దకర్మ అయ్యేదాకా కొండలమ్మ వీధిలో నోరు తెరవకుండా చూడాలి.

మా ఇంట్లో డిగ్రీ గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. తీర్మానాలు తప్పుల్లేకుండా రాస్తానని కార్యదర్శి పదవి నాకు అప్పగించారు. అందుకే జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

పోయినది సోమలమ్మ గారు. మన కేబుల్ ఛానెల్లో ప్రతి ఆదివారం వచ్చే ‘పెంకుటింటి పటాలం’ అనే కార్టూన్ సీరియల్లో నాయనమ్మ. పద్దెనిమిదో సీజన్ మొదటి భాగంలో మనవడికి జంతికలు పెడుతూ పెడుతూ కన్ను మూశారు. ‘బొమ్మే కదండీ’ అని నోరు జారిన ఒక అల్లుడుగారికి ఆ రాత్రి అత్తవారింట మజ్జిగ కూడా పోయలేదు.

ఆ సీరియల్లో ఎవరికీ వయసు రాదు. మనవడు మొదటి సీజన్లో ఆరో తరగతి, ఇప్పుడూ ఆరే. తండ్రి ప్రమోషన్ ఫైలు అదే బల్ల మీద ఉంది. ఇంటి ముందు కాలువ కోసం తవ్విన గొయ్యి తవ్వినట్టే ఉంది. ఇంత సహజంగా తీసిన కథ మరొకటి లేదని ప్రేక్షకులు ఏటేటా మెచ్చుకుంటూ వచ్చారు.

మరణకారణం నమోదు చేయడం కూడా నా విధి. సోమలమ్మ గారికి మొదటినుంచీ గొంతు ఇచ్చింది కొండలమ్మ. పొద్దున్నే ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మేది. అమ్మకం అయ్యాక గంపను స్టూడియో గుమ్మం బయట పెట్టి, లోపలికి వెళ్లి నాయనమ్మ మాటలు చెప్పేది. సీరియల్ చివర పేర్లు వేస్తారు. ఫ్లెక్సీ షాపు పేరు, మిక్చర్ కంపెనీ పేరు, ఛానెల్ యజమాని రమణబాబు గారి బావమరుదుల పేర్లు, బొమ్మలు గీసి, సీరియల్లో కుక్కలా కూడా మొరిగిన మౌళి పేరు రెండుసార్లు. కొండలమ్మ పేరు లేదు. ఈ సీజన్ మొదలయ్యే ముందు ఆమె రమణబాబు గారిని అడిగింది.

“బాబూ, కుక్కలాగ మొరిగినోడి పేరు కూడా ఏత్తన్నారు. నా పేరు కూడా ఒక్కపాలి ఎయ్యండి. మా మనవరాలు సదువుకుంది, సూసి సెబుతాది.”

“తెర మీద చోటు లేదు కొండలమ్మా!” అన్నారు రమణబాబు గారు.

మరుసటి భాగంలోనే సోమలమ్మ గారు పోయారు. ఒక పేరు వేయడం కంటే ఒక ప్రాణం తీయడం సులువని సాంకేతికంగా తేలింది.

ఊరు తల్లడిల్లింది. అబీద్ సెంటర్ ఫ్లెక్సీలో చేతులు జోడించిన ప్రముఖులందరికీ చోటు సరిపోయింది. సోమలమ్మ గారి బొమ్మకు మాత్రం మిగల్లేదు. దాన్ని వేరే ఫ్లెక్సీలో వేద్దామని సర్దుకున్నాం.

చిక్కల్లా మర్నాడు పొద్దున్న వచ్చింది. “తోటకూరోయ్! గోంగూరోయ్!” అని పోయినావిడ గొంతు వీధిలో వినిపించింది. ఎదురింటి హైమ గారు చేతిలో పాలగిన్నె వదిలేశారు. పక్కింటి శారదాంబ గారు గుమ్మానికి దండం పెట్టి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు తర్వాత కొండలమ్మకు తెరుచుకోలేదు.

కమిటీ అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు సుందరరామయ్య గారు ఆమెను పిలిపించారు.

“చూడమ్మా, పోయినవారి కంఠం వీధుల్లో సంచరించడం ఆచారం కాదు. ఊరంతా మైలలో ఉంది. మేమంతా ఒక్క నిమిషం మౌనం పాటిస్తున్నాం. నువ్వు ఇంకాస్త ఎక్కువ పాటించు, అంతే.”

“నాను సచ్చిపోనేదు కదండీ మేస్టారూ! నా గొంతు నా కాడే ఉంది. అరవకపోతే కొనేదెవులు? తోటకూర పెద్దకర్మ దాకా ఆగుతాదేటి?”

“త్యాగం, తల్లీ, త్యాగం! త్యాగం లేనిదే కళ లేదు!”

“కళేటో నాకు తెలీదు బాబూ. గంప కాళీ అవ్వాల.”

కమిటీ హృదయం కరిగింది. అరవడానికి బదులుగా ఆమెకు పాత బడిగంట ఒకటి ఉచితంగా ఇచ్చాం. ఆమె గంట కొట్టుకుంటూ బయలుదేరింది. చెత్తబండి వచ్చిందనుకుని ఆడవాళ్లంతా బుట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. రెండో వీధి దాటేసరికి గోంగూర మీద అరటితొక్కలు పడ్డాయి. ఆ రోజే కాదు, తర్వాత కూడా గంప వెళ్లినట్టే తిరిగొచ్చింది. పారిశుధ్యం మాత్రం మెరుగుపడింది.

పెద్దకర్మ ఘనంగా జరిగింది. బొమ్మ గీసినవాడు మౌళి కాబట్టి గోత్రం కూడా అతనిదేనని పంతులుగారు సర్దుబాటు చేశారు. మౌళి చేతే పిండం పెట్టించారు. కాకి వచ్చింది, కేబుల్ తీగ మీద కూర్చుంది, కిందికి మాత్రం దిగలేదు. వంటలు చల్లారిపోతున్నాయి.

“పోయినావిడికి తీరని కోరికేదో ఉంది,” అన్నారు పెద్దలు.

సుందరరామయ్య గారు ఆకాశం వైపు చేతులెత్తారు. “అమ్మా సోమలమ్మా! నీ మనవణ్ణి ఏడో తరగతికి పంపిస్తాం!” కాకి కదల్లేదు. “నీ ఇంటి ముందు గొయ్యి పూడ్పిస్తాం!” ఇలాంటి హామీలు ఎన్ని విందో, కాకి మొహం తిప్పుకుంది.

అప్పుడు పందిరి వెనక నుంచి, అన్నాళ్లూ మూసుకున్న నోరు తెరిచి కొండలమ్మ అంది:

“నా పేరెయ్యమన్నాను కదా, రమణబాబూ.”

పందిరంతా గగుర్పొడిచింది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందరూ పైకే చూశారు. రమణబాబు గారు కాకికి దండం పెట్టారు. “వేస్తానమ్మా! వచ్చే ఆదివారమే వేస్తాను! పెద్ద అక్షరాల్లో!”

కాకి దిగింది. హామీకి దిగిందో, గారె వాసనకి దిగిందో కమిటీ విచారించలేదు.

ఆదివారం కొండలమ్మ ఇంటికి నేనూ వెళ్లాను. ఆమె కొత్త చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. పేర్లు చదివి చెప్పడానికి పక్కన మనవరాలు శ్రీదుర్గ. ఫ్లెక్సీ షాపు వచ్చింది, మిక్చర్ వచ్చింది, బావమరుదులు వచ్చారు, మౌళి రెండుసార్లు వచ్చాడు. ఆఖరున పూలదండ మధ్య బంగారు రంగులో పెద్ద అక్షరాలు వచ్చాయి:

గాత్రం: కీర్తిశేషురాలు సోమలమ్మ.

వీధిలో చప్పట్లు మోగాయి.

“ఒలే, అదేనేటి? బేగి సెప్పు. ఏటి రాసారు?” అంది కొండలమ్మ.

శ్రీదుర్గ చదివి చెప్పింది. “నీ పేరే మామ్మా.”

“సోటు లేదన్నాడు గానీ, ఎంత పెద్దగా ఏసాడో సూడు!”

కమిటీ తన పనులన్నీ సక్రమంగా ముగించి రద్దయింది. కొండలమ్మ మళ్లీ అరిచి అమ్ముకోబోతే, స్వర్గస్థురాలిని వెక్కిరిస్తోందని కొందరు కోప్పడ్డారు. అందుకని ఇప్పటికీ గంటే కొడుతోంది.

చదువరులకు ఒక మనవి. మీ వీధిలో గంట వినిపిస్తే చెత్తబుట్ట లోపలే వదిలి రండి. గంప కింద మొహం ఒకసారి చూడండి. మీరు పదిహేడు సీజన్లు నవ్వింది ఆ నోటి మాటలకే. ఆవిడ పేరు కొండలమ్మ. మీరైనా గుర్తుపెట్టుకోండి, మీ తలలో చోటుంటే.