కమల డిబ్బీ, అప్పన్న ముడుపు

ఆ ఆదివారం పొద్దున్న జోగయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. సైకిలు మీద క్యాంప్ వన్ బజారుకి వెళ్ళాలి, చిల్లర దాచుకునే ఒక మట్టి డిబ్బీ కొనాలి, సెక్టర్ సెవెన్‌లో తన క్వార్టర్‌కి తిరిగొచ్చి ఎనిమిదేళ్ళ కూతురు కమలకి పొదుపంటే ఏమిటో నేర్పాలి. మధ్యాహ్నం కోడికూర ఉడికేలోపు అయిపోయే పని. ఉక్కు ప్లాంటులో క్రేన్ మీద కూర్చుని టన్నుల కొద్దీ రైలు పట్టాలు ఎత్తి దించే మనిషి, పావలా డిబ్బీ ఒక బరువా అనుకున్నాడు పాపం.

"చూడమ్మా, వారం వారం నీకు అర్ధరూపాయిస్తాను. ఒక పావలా నీ ఇష్టం, ఐసే తింటావో, జీళ్ళే తింటావో. రెండో పావలా మాత్రం దీన్లో వెయ్యాల."

"భర్ గయా తో?" అంది కమల. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, దానికి అన్నం తెలుగులోనూ ఆలోచన హిందీలోనూ అరుగుతాయి.

"నిండితే నువ్వే బద్దలుకొట్టుకో. నీకేటి కావాలో కొనుక్కో. అమ్మ ముట్టదు, నాను ముట్టను. మాటంటే మాటే."

"అయితే లాల్ ఛాతా కొంటా నాన్నా! ఎర్ర గొడుగు! వానలకి ముందే!"

ఆ మాట జోగయ్య ఊరికే ఇవ్వలేదు. గజపతినగరం దగ్గర పల్లెలో పశువులు కాసి తను కూడబెట్టుకున్న కానులు, ఒక సాయంత్రం అయ్య విత్తనాలకని తీసేశాడు. అవసరం అలాంటిది, అయ్యని తప్పు పట్టలేదు. కానీ మర్నాడు ఖాళీ డబ్బా ఊపి చూసుకున్న పిల్లాడి ఏడుపు ఆయన గుండెల్లో ఇంకా ఉంది. తన కూతురికి ఆ ఏడుపు రాకూడదు. అంతే.

పిల్ల చేతికి అందితే ఊపి ఊపి పగలగొట్టేస్తుందని, డిబ్బీని తీసుకెళ్ళి వంటింట్లో దేవుడి అరమీద పెట్టాడు. కొంప మునిగింది అక్కడే.

శుక్రవారం జోగయ్య భార్య రమణమ్మ దేవుడి పటాలు తుడిచింది. ఆవిడ చేతికి పసుపు అంటిందంటే ఎదురుగా ఉన్నది గడపో గుమ్మడికాయో చూసుకోదు. డిబ్బీకి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది. అడుగున సన్నటి బీట కనిపిస్తే, విచ్చుకుపోకుండా పసుపు గుడ్డ చుట్టి బిగించి కట్టింది. ఇంకేముంది? విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళ కంట పడితే అది డిబ్బీ కాదు, సాక్షాత్తూ సింహాద్రి అప్పన్న ముడుపు.

ముందుగా పడ్డ కన్ను పక్కింటి నూకమ్మది. పాలలోకి తోడు కోసం వచ్చింది. చూసింది. ఏమీ అడగలేదు. మొక్కు సంగతి అడగకూడదు, చెప్పకూడదు, బయటపడితే ఫలించదని వాళ్ళ నమ్మకం. ఆవిడ మొగుడు యర్రయ్య ఏళ్ళ తరబడి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడిలో వేగిపోతూ ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతున్నాడు. రమణమ్మ అటు తిరగగానే నూకమ్మ ఒక రూపాయి అందులో జారవిడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టింది. నెల తిరక్కుండా యర్రయ్యని స్టోర్స్‌కి మార్చారు.

మొక్కు గురించి నూకమ్మ ఒక్కరికీ చెప్పలేదు. "రమణమ్మొదినింట్లో అప్పన్నున్నాడు" అని మాత్రం వీధంతా చెప్పింది.

ఇక చూడండి. ఒకావిడ అగ్గిపెట్టె కోసం వచ్చింది. ఇంకో ఆవిడ టైమెంతయిందో కనుక్కోడానికి వచ్చింది, చేతికి గడియారం పెట్టుకుని మరీ. ఎదురింటి బెంగాలీ ఆవిడ ఆవాల కోసం వచ్చింది, ఆవాలు లేని బెంగాలీ ఇల్లు ఎక్కడైనా ఉంటుందా! అందరూ వంటింట్లోకే వస్తున్నారు, అందరూ నవ్వుతూనే వెళ్తున్నారు. పరాయి ఊళ్ళో తనకింత మంచి పేరొచ్చిందేమిటా అని రమణమ్మ మురిసిపోయి, వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చింది. ఇంట్లో పంచదార ఖర్చు రెట్టింపైంది.

డిబ్బీ బరువెక్కింది. రమణమ్మ వంటింటి డబ్బులు మిగిల్చి వేస్తోందనుకుని జోగయ్య లోలోపల పొంగిపోయాడు. ఆయన ఓవర్‌టైమ్ డబ్బులు వేస్తున్నాడనుకుని ఆవిడ ఆయనకి గుడ్ల కూర తరచుగా వండింది. ఇలా కొన్నాళ్ళు ఆ ఇంట్లో అకారణంగా సుఖం రాజ్యమేలింది. చివరికి వానలు దగ్గరపడ్డాక కమల కేకేసింది.

"నాన్నా! గుల్లక్ భర్ గయా! డిబ్బీ అప్పుడే నిండిపోయింది!"

ఇంత తొందరగా నిండితే పిల్లకి పొదుపెలా అబ్బుతుందని జోగయ్యకి చిర్రెత్తింది. "రమణమ్మా! డబ్బు దానంతటదే పెరుగుతాదని పిల్లకి నేర్పుతున్నావేటే? నువ్వెందుకేస్తన్నావు?"

"నానేస్తానేటి? అవి మీ ఓటీ డబ్బులు కాదేటి?"

ఒకరి మాట ఒకరు నమ్మలేదు. పగలగొట్టి చూస్తే తేలిపోతుందని ఆదివారం ముహూర్తం పెట్టారు.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. వంటింటి నేల మీద గోనెసంచి పరిచారు. కమల పచ్చడిబండ రెండు చేతులా ఎత్తింది. సరిగ్గా అప్పుడు నూకమ్మ తోడు కోసం గుమ్మంలో అడుగుపెట్టింది.

"ఓలమ్మో! ఓలమ్మో! ఆగే గుంటా!" అంటూ ఒక్క ఉరుకున వచ్చి డిబ్బీని కావలించుకుంది. "అప్పన్న ముడుపు కొండ మీద కదా విప్పాల! ఏటన్నయ్యా ఈ పాపం?"

"ముడుపేటి? ఇది పిల్ల డిబ్బీ!"

"నా రూపాయుంది దీన్లో!"

"నాదీ ఉంది" అంది వెనకే వచ్చినావిడ. కేకలు విని వచ్చిన వాళ్ళందరిదీ ఉంది. ఆవాలావిడ ఆయాసపడుతూ వచ్చి, "హమారా భీ" అంది.

తెలుగువాళ్ళ తగవులు తీర్చే గణపతిరావు గారిని పిలిపించారు. ఆయన డిబ్బీ చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నారు. "జోగయ్యా, ఇందరి మొక్కులు కలిసిపోనాయి. ఇది దేవుడి సొమ్మే. వొచ్చే వారం నాను సింహాచలం ఎల్తన్నాను. పట్టికెళ్ళి హుండీ దగ్గర విప్పీస్తాను."

కమల పెదవి వణికింది. జోగయ్య ఆ పెదవి చూశాడు. అంతమందిలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, పట్టికెళ్ళండి. కానీ నా కూతురికి మాటిచ్చేను. దాని డబ్బులు దానికి దక్కాల. లేకపోతే ఇది గుమ్మం దాటదు."

"ఏవి ఎవరివో ఎలగ తెలుస్తాది?"

నూకమ్మ కొంగు ముడి విప్పింది. "దేవుడు చంటిదాని డబ్బులు తింటాడేటి? మా ఆయన ఈవేళ ఒళ్ళు కాలకండా ఇంటికొస్తన్నాడంటే ఈ గుంట డిబ్బీ సలవే" అని కమల చేతిలో రూపాయి పెట్టింది. కొడుకు పరీక్ష గట్టెక్కినావిడ ఒకటిచ్చింది. కోడలికి సుఖంగా పురుడొచ్చినావిడ ఒకటి. ఆవాలావిడ పిల్ల బుగ్గ గిల్లి మరీ ఇచ్చింది. జోగయ్య వాళ్ళందరి వంకా చూశాడు. ఊరొదిలి, అయినవాళ్ళనొదిలి ఇంత దూరం వచ్చి పడ్డామని ఎన్నిసార్లు దిగులుపడ్డాడో! అయినవాళ్ళు కాకపోతే వీళ్ళెవరు? చేతులెత్తి అందరికీ దండం పెట్టాడు. రమణమ్మ కళ్ళు ఒత్తుకుని కాఫీకి నీళ్ళు పెట్టింది.

గణపతిరావు గారు కమలని దగ్గరకి తీసుకున్నారు. "నువ్వెన్ని వేసేవమ్మా? తక్కువైతే నానిస్తాను."

కమల కాలి బొటనవేలితో నేల రాసింది. "దో."

"రెండు రూపాయలా?"

"రెండు పావలాలు. పహలా, మొదటిది, నాన్న చెప్పారని. తర్వాత ఆంటీలందరూ ఒక్కటే వేసి కళ్ళు మూసుకుంటే వాళ్ళకి అన్నీ వచ్చేస్తున్నాయి కదా. నేను కూడా ఒకటి వేసి ఛాతా రావాలని మొక్కేశా. బాకీ సబ్, మిగతా పావలాలన్నిటికీ ఐస్ తినేశా."

జోగయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"చూసేరా!" అంది నూకమ్మ చప్పట్లు కొట్టి. "దాని మొక్కూ తీరిపోనాది!"

ఇల్లంతా నవ్వులతో ఘొల్లుమంది. వాన మొదలయ్యేలోపు ఎర్రగొడుగు వచ్చేసింది. కమల దాన్ని ఇంట్లోనే వేసుకుని తిరుగుతోంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఎవరూ లేకుండా చూసి, జోగయ్య బీడీలకి దాచుకున్న రూపాయి డిబ్బీలో వేసి, కూతురికి పొదుపు అబ్బాలని మొక్కుకున్నాడు.